గంటంపావు దూరం

"మీ అక్కగారు విమానం దిగనంటున్నారండీ! రోజంతా ప్రయాణమట, ఊరింకా రాలేదట... సీటు వదలడం లేదు. మీరొకసారి మాట్లాడండి!"

ఫోనులో విమానాశ్రయం ఉద్యోగిని నవ్వాపుకుంటోంది. చిన్ని గబుక్కున స్పీకరు ఆపబోయింది. పక్కనే భర్త!

"దిగక్కా... ఇదే మా ఊరు" అని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

"రోజంతానా? గంటంపావే కదా! ఎవరు చెప్పారావిడకి?" అన్నాడు భర్త, కారు తాళాలు అందుకుంటూ.

ఏమని చెబుతుంది చిన్ని? పెళ్లయిన దగ్గర్నుంచీ అక్క వస్తానన్నప్పుడల్లా, "అమ్మో, రోజంతా ఆకాశంలోనే అక్కా! నీ నడుం పడిపోతుంది" అని భయపెట్టింది తనే కదా! బట్టలు కుట్టుకుని బతికే అక్కని, నలుగురిలో గట్టిగా మాట్లాడే అక్కని, అత్తగారికీ తోడికోడళ్లకీ చూపించాలంటే సిగ్గు. అమ్మ పోయాక తన నోట్లో ముద్ద పెట్టింది ఆ చేతులేనని తెలిసీ సిగ్గు! భర్తతోనేమో, "మా అక్కకి ప్రయాణాలు పడవండీ" అనేసి చేతులు దులుపుకుంది మహాతల్లి.

చెల్లెలి పాప బోర్లా పడుతోందని వినగానే అక్క ఇక ఆగలేకపోయింది. పొరుగింటావిడ చేత టికెట్ కొనిపించుకుని, చెప్పాపెట్టకుండా బయల్దేరింది.

విమానాశ్రయంలో బెంచీ మీద కూర్చుంది అక్క. ఒళ్లో పెద్ద మూట. రెండు పూటల తిండి, దుప్పటి, మెడకింద పెట్టుకోవడానికి చిన్న దిండు...

"అదేంటి వదినగారూ! గంటంపావు ప్రయాణానికి ఇంత సరంజామానా? రోజంతా పడుతుందని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు చిన్ని భర్త.

అక్క చెల్లెలి ముఖంలోకి చూసింది. ఒక్క చూపే... అంతా అర్థమైపోయింది! మూట దగ్గరికి లాక్కుని, అంతలోనే నవ్వేసింది.

"నా మతిమరుపు మండ! ఇది గంటనే చెప్పింది బాబూ. నేనే బస్సు లెక్కా విమానం లెక్కా కలిపేసుకున్నాను."

చిన్నికి గుండెలో ముల్లు దిగినట్టయింది. నలుగురిలో నిలబెట్టి చెంప పగలగొట్టినా బాగుండేది!

"కాదండీ! నేనే చెప్పాను. అక్క రాకూడదని చెప్పాను... అక్కంటే సిగ్గుపడి చెప్పాను!" అంది బావురుమంటూ.

భర్త ముఖంలో నవ్వు మాయమైంది. వంగి మూట అందుకోబోయాడు. అక్క వదల్లేదు. చెల్లెలి కళ్లు కొంగుతో తుడిచి, చెవి దగ్గర మెల్లగా అంది:

"ఏడవకే పిచ్చిదానా... గంటంపావేగా! పాపని ఇక్కడికే తీసుకురా. ఒక్కసారి ఎత్తుకుని సాయంత్రం విమానానికే వెళ్లిపోతాను. మీ అత్తగారికి తెలియనే తెలియదు."

చిన్ని ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యగారూ... మా అక్క వస్తోంది. నన్ను పెంచిన అక్క!" అంది.

తలెత్తి అక్క ముఖం చూడటానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు.