నీలం గడ్డికి గుండు

"ఎవరా మహానుభావుడు? నా నీలం గడ్డికి గుండు కొట్టిందెవరు?"

సోమవారం పొద్దున్నే ముందు తోటలోంచి తోటమ్మాయి కేక క్లినిక్ అంతా వినిపించింది. కౌంటర్ వెనక మందులిచ్చే కుర్రాడి చేతిలోంచి దగ్గుమందు సీసా జారబోయింది. క్లినిక్‌లో అందరూ మాత్రలబ్బాయి అని పిలిచే అతనే ఆ మహానుభావుడు మరి.

పాపం, మంచికే చేశాడు. శనివారం ఆమె గేటు పక్కన మనిషెత్తు గడ్డి దుబ్బులకు నడుం దగ్గర తాడు కట్టి, మొదలు దగ్గర జానెడు వదిలి కోస్తుంటే కిటికీలోంచి కన్నార్పకుండా చూశాడు. రెండు నెలలుగా అతను చేస్తున్న ముఖ్యమైన పని అదే. సాయంత్రానికి పదకొండు చిన్న నీలం దుబ్బులు కొయ్యకుండా మిగిలాయి. ఆమెకు పని తగ్గిద్దామని ఆదివారం కత్తెర పట్టుకొచ్చాడు.

ఆమె విసవిసా కౌంటర్ దగ్గరికి వచ్చేసింది.

"చూశారా ఈ ఘోరం! పొడుగు గడ్డి ఏటా ఎండిపోతుంది కాబట్టి కోస్తాం. ఈ నీలంది ఎండదు. దీన్ని వేళ్ళతో దువ్వి, ఎండు పోచలు లాగెయ్యాలంతే."

"దువ్వాలా?"

"తల దువ్వినట్టే."

"మళ్ళీ రాదా?"

"ఏమో! నెలాఖరుకి నా ట్రయల్ అయిపోతుంది. తోట చూసే కదా పెద్ద డాక్టరమ్మ నన్ను ఉంచాలో పంపాలో తేల్చేది!" ఆమె కౌంటర్ మీద అరచేత్తో చరిచింది. "కోసినవాడు దొరకాలి, వాడి పని చెప్తా."

చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు.

"దగ్గుమందు కావాలా?" అన్నాడు.

ఆ పూటంతా అతను మాత్రల లెక్క తప్పుతూనే ఉన్నాడు. ఆమె వెళ్ళిపోతే ఆ కిటికీ ఎందుకు, తనెందుకు! మధ్యాహ్నానికి ధైర్యం కూడగట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదిలోకి దూరాడు. ఆవిడ క్లినిక్‌లో మేడమ్, ఇంట్లో స్వయానా పెద్దమ్మ.

"మేడమ్, గడ్డి కోసింది నేనే. ఆ అమ్మాయిని పంపెయ్యకు పెద్దమ్మా!"

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "అదేంట్రా? పొరపాటున తనే కోశానని ఆ అమ్మాయి ఇందాకే చెప్పి వెళ్ళిందే!"

అతను తోటలోకి పరుగెత్తాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నీలం మోళ్ళ చుట్టూ మట్టి గుల్ల చేస్తోంది.

"కోసింది మీరేనని ఎందుకు చెప్పారండీ?"

"కోసింది మీరని తెలిసిపోయింది కాబట్టి. పదకొండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తున ఉన్నాయి. స్కేలు పెట్టి గడ్డి కోసే పిచ్చిమారాజు ఇక్కడ ఇంకెవరున్నారు?" ఆమె తలెత్తలేదు. "మీరు మాట పడడం నాకిష్టం లేదు."

"నాకు మీరు వెళ్ళిపోవడం ఇష్టం లేదు. అంటే... తోటకి మీరు కావాలి."

"తోటకేనా?"

"ముందు నాకు. తర్వాతే తోటకి."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "ముందు వీటిని బతకనివ్వండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

"నేనూ అదే అంటున్నా," అంది వెనకనుంచి పెద్దమ్మ. "నెలాఖరు దాకా చూస్తా."

ఇక ఇద్దరికీ అదే ధ్యాస. రోజూ పొద్దున్నే వంగి చూడడం, ఉసూరుమంటూ లేవడం. రెండు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. గడువుకు రెండు రోజుల ముందు, వాన వెలిసిన పొద్దున, ఆమె కేక వినిపించింది.

"రండి, త్వరగా రండి!"

చేతిలో ఎవరిదో మందుల చీటీతోనే పరుగెత్తాడు. మోడు నడిమధ్యలో సూదిమొనంత నీలం. పక్కదానిలో రెండు మొనలు. మొత్తం తొమ్మిది దుబ్బులు చిగురేశాయి. ఆమె మట్టి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చేసింది, వెంటనే నవ్వేసింది.

"హమ్మయ్య, బతికిపోయాం!" అన్నాడతను.

పెద్దమ్మ వచ్చి వంగి చూసింది. "రెండు పోయాయిగా. వాటి చోట కొత్తవి నాటమ్మా, ఉద్యోగం నీదే. ఒరే, నువ్వు మాత్రం కత్తెర ముట్టుకున్నావో!" వెళ్ళబోతూ ఆగింది. "అమ్మాయ్, ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా. వీడి తరఫున మాట్లాడేది నేనే."

"ఆదివారం కుదరదు మేడమ్," అంది తోటమ్మాయి.

మాత్రలబ్బాయికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అంతదాకా ఎందుకు?" అందామె నవ్వి. "శనివారమే వస్తాం."

అతను తడి గట్టు మీదే కూలబడి, గట్టిగా ఊపిరి వదిలాడు.