ఏడు పాయింట్ల వెంట్రుక

ఆ షెడ్డులో చేరిన రోజున నా దగ్గర పదకొండు వేల నాలుగు వందలు ఉన్నాయి. అందులో నాలుగు వేల రెండు వందలు పెట్టి ఒక పాత మైక్రోమీటర్ కొన్నాను. మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఎంతో చూపించే పనిముట్టు అది. ఆ ఒక్క ముక్కని మేం పాయింటు అంటాం. మిగతా ఏడు వేల రెండు వందలు ముట్టుకోకుండా దాచాను. షెడ్డు మూల గోనెపట్టా కప్పుకుని పడి ఉన్న, ఇనపకడ్డీల్ని తిప్పి చెక్కే పెద్ద లేత్ మిషన్ని ఎప్పటికైనా వాటాకి తీసుకోవాలని నా ఆలోచన.

పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల, రెండు లేత్‌లు, ఒక డ్రిల్లు, ఒక బల్ల. అంతే షెడ్డు. మా మేస్త్రీ అందులోకి కొత్త వస్తువు ఏదీ రానివ్వడు. డ్రిల్లు బెల్టు తెగితే సైకిలు ట్యూబు చుట్టాడు. బల్ల కాలు విరిగితే పాత ఇంజను పిస్టను నిలబెట్టాడు. మార్చేద్దాం మేస్త్రీ అంటే, "పనిచేస్తోందిగా" అంటాడు. ఆ మాట తర్వాత ఇంక వాదన ఉండదు.

చేరిన నెలకే ఒక కాగితం మీద లెక్క వేసి ఆయన ముందు పెట్టాను.

"పెద్ద మిషన్ ఇరవై రెండు నెలలుగా ఖాళీగా ఉంది మేస్త్రీ. రోజుకి మూడు పనులు పడినా..."

"లెక్కలోడా, దాని జోలికి రాకు."

"ఎందుకని?"

"అది మా బావమరిదిది."

ఆ బావమరిది చచ్చిపోయి కూడా ఇరవై రెండు నెలలే. ఆ మిషన్ మీదే పోయాడు. భుజాల దాకా జుట్టు పెంచేవాడట. పని చేసేటప్పుడు గుడ్డతో కట్టుకునేవాడు. ఒకరోజు గుడ్డ జారింది. కడ్డీని పట్టుకుని తిప్పే చక్‌లో జుట్టు చిక్కుకుంది. క్లచ్ పిడి లాగాడు, మిషన్ ఆగలేదు. ఆ పిడి అంతకుముందే విరిగితే మేస్త్రీ ఇనపతీగ చుట్టి బిగించాడు. ఆ తీగ జారిపోయింది. ఇప్పటికీ అక్కడ తీగే ఉంది, ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ చుట్టాడు, అంతే.

జాలిపడాల్సిన మనిషి. కానీ నాకు వాడంటే ఒళ్ళు మండేది.

నేనేం చేసినా మేస్త్రీ నోట్లోంచి ముందు వచ్చే మాట "వాడైతే". వాడైతే ఈపాటికి ముగించేవాడు. వాడైతే కొలతబద్ద ముట్టుకోకుండా వేలితో తడిమి చెప్పేవాడు. వాడైతే టీ తాగుతూ చేసేవాడు. ఒకరోజు లెక్కపెట్టాను. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పంతొమ్మిది సార్లు. గంటకి రెండు పైచిలుకు. బతికున్నవాడైతే ఏదో ఒకరోజు చెయ్యి వణుకుతుంది, పని చెడగొడతాడు, నాకూ ఒక అవకాశం వస్తుంది. వీడికి ఆ భయం లేదు. ఇంక ఒక్క తప్పు కూడా చెయ్యడు.

వాడి స్టూలు మీద నన్ను కూర్చోనివ్వరు. వాడి స్టీలు గ్లాసు మేకుకి వేలాడుతూ ఉండేది, రోజూ వాడి అక్క, మేస్త్రీ భార్య, దాన్ని కడిగి మళ్ళీ తగిలించేది. నాకు మాత్రం కాగితం కప్పులో టీ పోసి, "తీసుకో బాబూ" అనేది. బాబూ అంటే ముక్కూమొహం తెలియనివాడిని కూడా అంటారు.

వానలు మొదలైన వారంలో ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఒక పంపు కడ్డీ తెచ్చాడు. మనిషంత పొడుగుంది. చిన్న లేత్ మీద పట్టదు. పొద్దున్నకల్లా కావాలన్నాడు. మేస్త్రీకి అప్పటికే కుడికంట్లో శుక్లం, చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు సాయంత్రమే ఆసుపత్రిలో కంటి ఆపరేషను కూడా ఉంది. ఆయన కడ్డీ వంకా, గోనెపట్టా వంకా చాలాసేపు చూశాడు.

"నేను చేస్తాను," అన్నాను. "చేస్తే మిషన్ నాకు సగం వాటాకి ఇవ్వాలి. చెడితే కడ్డీ ఖరీదు నా డబ్బులోంచి కట్టుకోండి. ఏడు వేల రెండు వందలు ఉన్నాయి."

"కడ్డీ ఆరు వేలు. బేరం చూసుకునే మాట్లాడుతున్నావు."

"చూసుకునే."

మేస్త్రీ నవ్వలేదు. గోనెపట్టా తీసి, కడ్డీ రెండో కొసని పట్టుకునే వెనక దిమ్మ మీద చెయ్యి వేశాడు. "ఇది ఒకపక్కకి అరిగింది. కింద వాడి వెంట్రుక ఒకటి ఉంటుంది. అదే దీన్ని సరిగ్గా నిలబెడుతుంది. దాన్ని కదిలించకు."

"వెంట్రుకా?"

"పనిచేస్తోందిగా."

నాలుగింటికి మేస్త్రీని ఆటోలో కూర్చోబెట్టి ఆయన భార్య కూడా వెళ్ళింది. వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టరు సగానికి పైగా దించాను. రేకుల మీద వాన మోత తప్ప ఏమీ వినిపించడం లేదు. ఒకటే ట్యూబులైటు. పాత గ్రీజు వాసన, తడి గోనె వాసన.

ముందు నేను చేసిన పని, చెయ్యొద్దన్న పని. వెనక దిమ్మ మరలు వదులు చేసి ఎత్తాను. కింద నిజంగానే ఒక వెంట్రుక ఉంది. జానెడు పొడుగు, నిటారుగా పరిచి, రెండేళ్ళు కావస్తున్నా నల్లగా మెరుస్తూ. మైక్రోమీటర్‌లో పెట్టాను. ఏడు పాయింట్లు. నా తలలోంచి ఒకటి పీకి కొలిచాను. ఐదు.

అక్కడ కూడా వాడిదే ఎక్కువ.

వాడి వెంట్రుకని వేలి మీద పెట్టుకుని ఉఫ్ అని ఊదేశాను. ఇనప రజను కుప్పలో ఎక్కడో పడింది. నా పొట్టి వెంట్రుకలు నాలుగు పీకి, ఒకదాని వెనక ఒకటి వరసగా పరిచాను. ఐదయింది. మిగతా రెండు పాయింట్లకి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం సన్నగా కత్తిరించి పైన వేశాను. ఐదూ రెండూ ఏడు. దిమ్మ దించి బిగించాను.

కడ్డీ మీద ముప్పై పాయింట్ల మందం తీసెయ్యాలి. అంతకు మించి ఒక్క పాయింటు పోయినా కడ్డీ పనికిరాదు, నా ఆరు వేలూ పోతాయి, మిషనూ పోతుంది. పది పాయింట్ల చొప్పున మూడు దఫాలు అనుకున్నాను. మొదటి దఫా నడిపి, ఆపి, రెండు కొసలూ కొలిచాను. ఒక కొస కన్నా రెండో కొస రెండు పాయింట్లు లావుగా ఉంది.

లెక్క ప్రకారం తేడా రాకూడదు. మళ్ళీ కొలిచాను. రెండే.

అప్పుడు నా వెనక ఎవరో గోటితో ఇనుము మీద గీసినట్టు సన్నటి చప్పుడు. తిరిగి చూశాను. వాడి స్టూలు మీద వెండికాగితం ముక్క ఉంది. నాలుగు మడతలు పెట్టి, నీటుగా.

దిమ్మ మరలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

గాలికి వచ్చింది అనుకున్నాను. మరలు బిగిసి ఉండగా గాలి ఎలా తీస్తుందో అనుకోలేదు. దిమ్మ ఎత్తాను. నా వెంట్రుకలు నాలుగూ ఉన్నాయి, కాగితం లేదు. కొత్తది కత్తిరించి వేశాను. ఈసారి రెంచి మీద ఒళ్ళంతా మోపి బిగించాను. రెండో దఫా. మిషన్ తిరుగుతుంటే వేడెక్కకుండా వదిలిన సబ్బునీళ్ళు కడ్డీ మీద పడి ఆవిరవుతున్నాయి. ఆ ఆవిరిలో ఇంకేదో వాసన...

వెంట్రుకలు కాలిన వాసన.

ఆపాను. కొలిచాను. తేడా రెండు. స్టూలు వంక చూడకూడదనుకుంటూనే చూశాను. రెండో కాగితం మొదటి కాగితం పక్కన ఉంది. నాలుగు మడతలు.

ఇంక పది పాయింట్లే మిగిలాయి. ఒకటే దఫా.

"ఇంకా రెండు, తమ్ముడూ..."

వాన మోతలో అలా వినిపించిందేమో. చెవి పక్కనే వినిపించింది. కొత్తగా చేరినవాడికి పని నేర్పేటప్పుడు ఉంటుందే, ఆ గొంతు. కోపం లేదు. ఓపిగ్గా ఉంది.

నాకు భయం కన్నా ముందు రోషం వచ్చింది, నిజం చెప్పాలంటే. ఇక్కడ కూడా నువ్వే చెప్పాలా అనిపించింది. "నాకు తెలుసు," అన్నాను పైకే. "నా లెక్క నాకు తెలుసు."

మూడో కాగితం వెయ్యలేదు. తేడా సరిచెయ్యడానికి కోసే పనిముట్టుని చేత్తోనే నడుపుదామని క్లచ్ వేసి, కొస దగ్గర కోత కనబడాలని ముందుకి వంగాను. చక్ నా మొహానికి జానెడు దూరంలో తిరుగుతోంది. ట్యూబులైటు ఒకసారి కొట్టుకుంది.

మెడ వెనక చల్లగా తగిలింది.

వేళ్ళు. గ్రీజు అంటిన వేళ్ళు. నా జుట్టుని మెడ మీద నుంచి పైకి దువ్వుతున్నాయి... నెమ్మదిగా... ముడి వెయ్యడానికి పోగు చేసినట్టు. నాది పొట్టి జుట్టు. పిడికిట్లోకి రాదు. అయినా ఆ పిడికిలి నిండింది. నిండినట్టు నాకు తెలుస్తోంది.

క్లచ్ పిడి లాగాను. తీగ జారింది. మిషన్ ఆగలేదు.

పిడికిలి బిగిసింది. ముందుకి తోస్తుందా, వెనక్కి లాగుతుందా... అర్థం కాలేదు. చక్ గాలి నా రెప్పలకి తగులుతోంది. ఊపిరి తియ్యలేదు. కదలలేదు.

తర్వాత చిటుక్కుమని ఒక్క నొప్పి. ఒక్క వెంట్రుక పీకినంత.

మిషన్ దానంతటదే ఆగింది.

నేను నేల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి కొలిచాను, ఇంకేం చెయ్యాలో తోచక. ఈ కొసలో తేడా సున్నా. ఆ కొస సున్నా. ముప్పై పాయింట్లూ పోయాయి, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. దిమ్మ ఎత్తాను. నా నాలుగు వెంట్రుకలూ లేవు. జానెడు పొడుగు వెంట్రుక ఒకటి నిటారుగా పరిచి ఉంది. దాని కొసన ఇంకా తడి రక్తం చుక్క.

ఏడున్నరకి మేస్త్రీ వచ్చాడు, కుడికంటికి గుడ్డ కట్టుకుని. కడ్డీ పొడుగునా వేలు జరిపాడు. కొస దాకా వెళ్ళి ఆగాడు.

"వాడి చెయ్యి," అన్నాడు.

"నేను చేశాను మేస్త్రీ."

"అవునురా. మిషన్ నీదే." అని, నా మొహం వైపు కాకుండా, నా భుజం పైనుంచి వెనక్కి చూస్తూ తలాడించాడు.

అది జరిగి పదకొండు వారాలైంది. పెద్ద మిషన్ మీద రోజుకి నాలుగు పనులు చేస్తున్నాను, నేను వేసిన లెక్క కన్నా ఒకటి ఎక్కువ. కొలతబద్ద వాడకం తగ్గింది, వేలికి తెలిసిపోతోంది. మేస్త్రీ భార్య నాకు మేకు మీది గ్లాసులో టీ పోస్తోంది. మొదటిరోజు పోసినప్పుడు, "చల్లారిపోతుంది, తాగు తమ్ముడూ," అంది. అని, ఏదో పొరపాటు మాట అన్నట్టు కూడా అనిపించలేదు ఆవిడకి.

మేస్త్రీ "వాడైతే" అనడం మానేశాడు. నేను గెలిచాననుకున్నాను. నిన్న ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఇంకో కడ్డీ తెచ్చాడు. మేస్త్రీ కంటి గుడ్డ తీసేసి చాలా రోజులైంది, చూపు బాగానే ఉంది. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

"ఎంతవుతుంది మేస్త్రీ?" అన్నాడు మేనేజరు.

"చూసి చెప్తాను సారూ. ఇదివరకు లెక్కలోడు ఒకడుండేవాడు ఇక్కడ. వాడైతే నిమిషంలో కాగితం మీద వేసి చూపించేవాడు."

"అవునవును, చురుకైన కుర్రాడు. ఏమయ్యాడు?"

మేస్త్రీ నా వైపు తిరిగి, "నువ్వు చూశావా వాణ్ణి?" అన్నాడు, మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది. అది అసూయ. నాకు బాగా తెలిసిన మంటే. ఈసారి ఎవడి మీదో చెప్పుకోలేను, ఆ లెక్కలోడు నేనే.

రాత్రంతా షెడ్డులోనే తలమీది వెంట్రుకలు మళ్ళీ కొలుచుకుంటూ కూర్చున్నాను. మెడ వెనక, ఆ వేళ్ళు తగిలిన చోట, మొదటి వారంలోనే వెంట్రుకలు ఏడు పాయింట్లకి వచ్చాయి. నెలకి చెవుల దాకా ఏడు. పోయిన వారం నడినెత్తి ఏడు. కాగితం మీద వేశాను. వారానికి ఇన్ని అంగుళాల చొప్పున ఇవాళ్టికి ఎంతవరకు రావాలో లెక్క చాలా తేలిగ్గా తేలింది. కానీ లెక్క తప్పొచ్చు. ఆ రోజు తప్పింది కదా.

తెల్లారింది. మేస్త్రీ షట్టరు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. నుదుటి మీద ఒక వరస మిగిలింది, ఇంకా కొలవనిది. మైక్రోమీటర్ తెరిచి పెట్టుకున్నాను. అందులోంచి ఒక వెంట్రుక వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

ఐదు రావాలి. ఒక్కటి ఐదు వచ్చినా చాలు.

పీకుతున్నాను.