గున్వోర్ చదివిన పుస్తకాలు

యంత్రం తలకు తగిలించిన మూడో నిమిషంలో రత్నకుమారికి, తానెన్నడూ తెరవని ఒక స్వీడిష్ నవలలో నూట ఇరవయ్యో పేజీ గుర్తొచ్చింది.

“మూతపడిన రంపపు మిల్లు,” అంది కళ్లు మూసుకునే. “ఊరంతా ఖాళీ అయిపోయినా ఒక ముసలాయన రోజూ సైరన్ మోగిస్తాడు. ఇది నేను చదివాను షమీమ్. ఎప్పుడో, చాలా ఇష్టంగా.”

“మీరు కాదమ్మా, గున్వోర్ గారు చదివారు,” అంది డాక్టర్ షమీమ్.

భీమిలి గ్రంథాలయంలో ఆ ఏడే పెట్టిన ఆ యంత్రం పేరు రీడింగ్ ట్రేసర్. ఒకరు పుస్తకం చదువుతున్నప్పుడు మెదడులో పడే ముద్రను రికార్డు చేసి, ఇంకొకరి మెదడులో వేస్తుంది. భాష రానక్కర్లేదు. చదివిన జ్ఞాపకం మిగులుతుంది. స్వీడిష్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చేవాళ్లు దొరక్క షమీమ్ వాటితోనే మొదలుపెట్టింది. ముద్రలన్నీ ఉత్తర స్వీడన్‌లో ఉండే గున్వోర్ అనే రిటైర్డ్ నర్సువి.

రత్నకుమారి టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసిన రోజుల్లో మూడు వందల నంబర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు వాళ్లమ్మ ఏ రోజు పోయిందో గుర్తులేదు. ఏటా ఆ రోజున అమ్మకి ఇష్టమైనవి వండి ఎవరికైనా పెట్టేది. నిరుడు పెట్టలేదు. అడగడానికి తోడబుట్టినవాళ్లెవరూ మిగల్లేదు.

“పుస్తకంతో పాటు చదివినావిడ సంగతులు కూడా కాస్త అంటుకోవచ్చు,” అని షమీమ్ ముందే చెప్పింది. “దీపం వెలుగు, కాఫీ వాసన. రెండు రోజుల్లో పోతాయి.”

“పోకపోతే?”

“ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.”

“మరిచిపోయేవాళ్లు ఏమని చేస్తారమ్మా?”

ఆ వానాకాలమంతా పదకొండు మంది గున్వోర్ పుస్తకాలే ఎక్కించుకున్నారు. సరస్సు మీద మంచు పగిలే చప్పుళ్లను ఇరవై ఏళ్లు రికార్డు చేసిన ఒకావిడ అనుభవాల పుస్తకం మీద శనివారాలు గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. “ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడని మొహాలు మనవి,” అని నవ్వేవాడు రిటైర్డ్ కండక్టరు అప్పలస్వామి.

నవంబరు పదకొండున, శనివారం కాకపోయినా, రత్నకుమారి క్యారియర్‌తో వచ్చింది.

“ఇవాళ మా అమ్మ పోయిన రోజు. లేవగానే గుర్తొచ్చింది. కూర్చో, తిందువుగాని.”

ఉడికించిన బంగాళాదుంపలు, వాటి మీద సోంపు వాసన వేసే సోయాకూర ఆకు, చేప. వేటిలోనూ కారం లేదు.

“తిథులు ఏటా మారతాయి కదమ్మా?”

“మా అమ్మది మారదు.”

షమీమ్ పక్కగదిలోకి వెళ్లి స్వీడన్‌కి ఫోన్ చేసింది. తిరిగొచ్చి యంత్రం స్విచ్ వేసింది.

“ఈ తేదీన పోయింది గున్వోర్ గారి అమ్మట. వాళ్ల మేనకోడలు చెప్పింది. ఆ జ్ఞాపకం పది నిమిషాల్లో తీసేస్తానమ్మా.”

“తీసేస్తే మా అమ్మ రోజు గుర్తొస్తుందా?”

“రాదు.”

“ఆ గున్వోర్ ఇవాళ ఎవరికైనా పెట్టిందా?”

“ఆమెకు ఇప్పుడేదీ గుర్తుండటం లేదట. అమ్మ ఇంకా ఇంటికి రాలేదేమని నన్నే అడిగారు.”

“అయితే తియ్యకు,” అని రత్నకుమారి క్యారియర్ గిన్నెలు విడదీసింది.

తలుపు దగ్గర సోయాకూర వాసన గుప్పుమంది. అప్పలస్వామి చేతిలోనూ క్యారియర్ ఉంది. వెనక మిగతా తొమ్మిదిమంది, అందరి చేతుల్లోనూ గిన్నెలు.

“మా అమ్మ రోజు డాక్టరమ్మా. రెండు ముద్దలు తినాలి,” అన్నాడు. వాళ్లమ్మ ఇంటి దగ్గర బతికే ఉంది. పొద్దున వీధి చివర షమీమ్‌ని పలకరించింది కూడా.

షమీమ్ కూర్చుంది. పదకొండు మందీ ఆమె నోటికేసి చూస్తూ చుట్టూ నిలబడ్డారు. ఆ గదిలో ఆ పోయినావిడకు కూతురు కానిది ఆమె ఒక్కతే.