అంతర్వేదికి ఇల్లుబండి

పి.గన్నవరం అక్విడక్టు కింద శవం తేలింది. 1955 మార్చి, మంగళవారం, ఉదయం పది గంటలు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద గాయం లేదు. కుడి గుప్పిట్లో కాస్త కొబ్బరి పీచు బిగించి ఉంది. కోనసీమలో కొబ్బరి పీచుని ఎవరు పట్టించుకుంటారు? రిపోర్టులో ఒక ముక్క రాసి, ఆ పీచుని కాలవలో పారేశారు.

చచ్చిపోయినవాడు స్పెషల్ బ్యూరో ఏజెంట్ నంబర్ ఫైవ్, త్రిమూర్తులు.

ఆ సాయంత్రమే కాకినాడలో ఒక టైర్ల దుకాణం వెనక గదిలో బ్యూరో చీఫ్ జగ్గారావు, ఏజెంట్ గంగాధరరావుకి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"విశాఖ రేవులో మన నేవీ మైన్లు ఎక్కడెక్కడ పెట్టిందో చూపించే చార్టు. ఎవడో ఫొటో తీశాడు. మైక్రోఫిల్ము. బొటనవేలి గోరంత."

"ఇప్పుడెక్కడుంది?"

"కోనసీమలో. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అంతర్వేది ఎదర ఒక విదేశీ ట్రాలర్ ఆగుతుంది. పదే పది నిమిషాలు. ఆలోపు ఫిల్ము దానిమీదికి ఎక్కితే మన ఓడల ప్రాణం వాళ్ల చేతిలో ఉన్నట్టే."

"ఎక్కించేది ఎవరు?"

"కనిపెట్టినవాడు శవమయ్యాడు. రాజోలులో రత్నం అని ఒకావిడ ఉంది. మద్రాసు డాన్సరు. మనకీ వార్తలిస్తుంది, వాళ్లకీ ఇస్తుంది. అక్కణ్ణించి మొదలుపెట్టు."

చీఫ్ కిటికీ తెరిచాడు. పెరట్లో యుద్ధకాలం నాటి మిలటరీ ఆంబులెన్సు నిలబడి ఉంది. దానికిప్పుడు పువ్వుల కర్టెన్లు. లోపల మంచం, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల పీపా. మంచం కింద ట్రాన్స్‌మిటర్.

"ఇంగ్లండులో దీన్ని కారవాన్ అంటారు. వసంతకాలం, భార్యాభర్తలు, సముద్రతీరం. పెళ్లానికి సముద్రం చూపించడానికి తీసుకెళ్లే మొగుణ్ణి ఎవడూ అనుమానించడు."

"భార్యగా ఎవరొస్తున్నారు సార్?"

"రావలసిన నంబర్ నైన్‌కి గవదబిళ్లలు. మీ ఆవిణ్ణి తీసుకెళ్లు."

"నేను టైర్ల ఇన్‌స్పెక్టర్నని తప్ప ఆవిడకేమీ తెలీదు."

"తెలియనక్కర్లేదు. తెలియని మొహం అబద్ధం ఆడదు."

గంగాధరరావు "యస్ సార్" అన్నాడు. పదేళ్ల సర్వీసులో ఆ మాట ఇష్టం లేకుండా అనడం అదే మొదటిసారి.

ఎందుకంటే భార్య సూర్యకుమారి ఆరేళ్లుగా అడుగుతున్నది ఒక్కటే, సముద్రం. ఆమె పుట్టింది కొత్తపేట దగ్గర కొబ్బరితోటల్లో. సముద్రం ఎంతో దూరం కాదు, అయినా ఎవరూ తీసుకెళ్లలేదు. పెళ్లయిన కొత్తలో చూపిస్తానన్నాడు. ప్రతి ఏడూ ఏదో మిషన్ అడ్డమొచ్చింది. ప్రతిసారీ 'కంపెనీ పని' అని చెప్పాడు. ఆమె ప్రతిసారీ నమ్మింది.

"సెలవిచ్చారు సూర్యా. బండి కూడా ఇచ్చారు," అన్నాడు.

ఆమె లోపలికెళ్లి, పెళ్లినాటి జరీచీర పెట్టె అడుగునుంచి తీసి పైన పెట్టుకుంది. గుమ్మంలోంచి అది చూసిన గంగాధరరావుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం బయల్దేరారు. రామచంద్రపురం దాటి, కోటిపల్లిలో బండిని పంటు మీదికెక్కించారు. పడవలు జతచేసి పలకలు పరిచిన ఆ పంటు గౌతమి దాటుతున్నంతసేపూ సూర్యకుమారి కర్టెన్ తీసి నీళ్లకేసి చూస్తూనే ఉంది. ముక్తేశ్వరం రేవులో దిగీ దిగగానే చీపురు తీసి లోపలంతా ఊడ్చింది. బండి ముందు రోడ్డు మీద నాలుగు చుక్కలు పెట్టి ముగ్గు వేసింది.

"చక్రాలు దాని మీదనుంచే పోవాలి కదా," అన్నాడు గంగాధరరావు.

"పోనివ్వండి. ఇల్లన్నాక ముందు ముగ్గుండాలి కదండీ."

ప్రతి మజిలీలోనూ ముగ్గు వేసింది. ప్రతిసారీ అతను దాని మీదనుంచే బండి పోనిచ్చాడు. అమలాపురంలో పూతరేకులు కొనిపెట్టాడు, తప్పు చేసిన మొగుడికి తోచే ఉపాయం అదొక్కటే గనక. శుక్రవారం ఓడలరేవు తీసుకెళ్లి సముద్రం చూపిస్తానని మాటిచ్చి, చీఫ్‌కి వైర్‌లెస్ పంపే వేళయిందని బండి బోడసకుర్రు రేవుకి తిప్పేశాడు. టైరు మెత్తబడిందని చెప్పాడు.

"ఆదివారం చూద్దాం లెండి," అంది సూర్యకుమారి.

శనివారం రాజోలు. కాలవగట్టు మీద పచ్చబంగళా. కత్తిరించిన జుట్టు, జార్జెట్ చీర, నల్లకళ్లద్దాలు. రత్నం ఎదురొచ్చింది.

"టైర్లు ఎండకి పగులుతున్నాయా?" అంది. కోడ్.

"మావైపు నీడ ఎక్కువండి," అన్నాడు. జవాబు.

సూర్యకుమారి వరండాలో ఉండగా రత్నం గొంతు తగ్గించింది. "దిండిలో ధనరాజు అని ఎండుచేపల వ్యాపారి. ఫిల్ము అతని పడవలో వెళ్తుంది. రేపు మధ్యాహ్నం పట్టుకోండి. మీ ఆవిణ్ణి అంతర్వేదిలో దింపి వెళ్లండి, అక్కడ కాల్పులూ అవీ కావచ్చు."

వెళ్లేటప్పుడు సూర్యకుమారికి బొట్టుపెట్టి తాంబూలం ఇచ్చింది. రవికల గుడ్డ, రెండు అరటిపళ్లు, ఒక కొబ్బరికాయ.

"గంగమ్మకి మొక్కుందమ్మా. నేను రాలేను. అంతర్వేదిలో అంజిబాబు అనే పడవాయన వచ్చి అడుగుతాడు. ఈ కాయ ఇస్తే నడిసముద్రంలో వదులుతాడు."

బండెక్కాక సూర్యకుమారి కాయని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమండీ, ఈ కాయ చూసేరా?"

"తర్వాత, సూర్యా." అతను దిండి మ్యాపు చూసుకుంటున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అంతర్వేదిలో సరుగుడు తోపు అవతల బండి ఆపాడు. ఇసకదిబ్బ దాటితే సముద్రం. హోరు వినిపిస్తోంది.

"దిండిలో కంపెనీ ఏజెంటుని చూసి మూడు గంటల్లో వచ్చేస్తాను."

"ఇప్పుడా అండీ?" అంది. మళ్లీ తనే సర్దుకుంది. "సరే, ఎండగా ఉంది, తలకి గుడ్డ కట్టుకోండి."

బండి వెనక కట్టిన సైకిలు తీసుకుని పోతూ అతను వెనక్కి చూడలేదు. చూస్తే వెళ్లలేడని తెలుసు.

పన్నెండు మైళ్లు తొక్కి దిండి చేరాడు. ధనరాజు పడవలో బుట్టబుట్టా వెతికాడు. ఎండుచేపలు తప్ప ఏమీ లేవు. ధనరాజు నొచ్చుకోకుండా నిలబడి చూశాడు.

"అయిపోయిందాండీ? టీ తాగుదురుగాని. నాలుగు దాకా మిమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టమని రత్నంగారు కబురెట్టేరండి."

"నాలుగు దాకానా?"

"ఆయ్. కదలనివ్వొద్దన్నారు."

గంగాధరరావు చేతిలో గ్లాసు ఆగిపోయింది. అంతర్వేదికి వెళ్లిందెవరు? సూర్యకుమారి. ఆమె చేతికి రత్నం ఇచ్చిందేమిటి? కొబ్బరికాయ. త్రిమూర్తులు గుప్పిట్లో ఉన్నదేమిటి? కొబ్బరి పీచు. ఏమీ తెలియని భార్యని అడ్డం పెట్టుకోవచ్చని తనకి తోచినప్పుడు శత్రువుకి మాత్రం ఎందుకు తోచదు? ఒకే మనిషిని రెండు పక్షాలూ వాడుకున్నాయి. అందులో ఒక పక్షం ఆమె మొగుడు.

ధనరాజుని ఎండుచేపల బుట్టల మీదికి తోసి సైకిలెక్కాడు. ఎలా తొక్కాడో అతనికే తెలీదు. తోపు దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా నాలుగు. దిబ్బెక్కి బైనాక్యులర్స్ పెట్టాడు. ట్రాలర్ ఆగి ఉంది. దాని పక్కన చిన్న పడవ. పడవలో మనిషి కొబ్బరికాయ పైకి అందిస్తున్నాడు. పైనుంచి ఒక చెయ్యి అందుకుంది.

గంగాధరరావు ఇసకలో చతికిలబడ్డాడు. దేశాన్ని కాపాడలేకపోయాడు. భార్య చేత దేశద్రోహం చేయించాడు, ఆమెకి తెలియకుండా.

"వచ్చేసేరా? మొహం అలా ఉందేమండీ?"

బండి మెట్టు మీద కూర్చుని ఉంది సూర్యకుమారి. జరీచీర కట్టుకుంది. మెట్టు కింద ముగ్గు, పక్కన ముగ్గుపిండి డబ్బా.

"ఆ కాయ... అంజిబాబుకి ఇచ్చేశావా?"

"రత్నంగారిచ్చిన కాయా? అదెలా ఇస్తానండీ, మొక్కు కాయ పిలక లేకుండా ఉంటుందా? పిలక పీకేసి, కన్ను మీద మైనం పూసేరు. ఊపితే నీళ్ల చప్పుడు లేదు. పోనీ లోపల ఎండిపోయిన కురిడీ అనుకుందామంటే ఆ బరువూ కాదు. పాపం పట్నం మనిషి, తెలీదు. పొద్దున్న మలికిపురం సంతలో మంచి పిలకున్న కాయ ఏరి, అదిచ్చేను. ఆవిడది పచ్చడికైనా పనికొస్తుందేమోనని..."

ఆవిడది ఆమె ఎడమచేతిలో ఉంది. కుడిచేతిలో కత్తి పైకి లేచి ఉంది.

"ఆగు," అన్నాడు గంగాధరరావు.

"అవునమ్మా, ఆగు," అంది వెనకనుంచి ఇంకో గొంతు.

తోపులోంచి రత్నం వచ్చింది. చేతిలో చిన్న పిస్టలు. సముద్రం మీద ట్రాలర్ ఎర్రజెండా ఎత్తింది: సరుకు రాలేదు. ఒడ్డున రత్నం మోటారుబోటు ఇంజను కొట్టుకుంటూనే ఉంది. టైము నాలుగూ ఆరు.

"త్రిమూర్తులు కూడా అందుకోబోయాడు. పిలక ఒక్కటే దక్కింది," అంది రత్నం. "కాయ ఇలా ఇవ్వు. లేకపోతే మీ ఆయన్ని కాలుస్తాను."

గంగాధరరావు చెయ్యి జేబు మీదికి వెళ్లింది. క్లిప్పు నొక్కితే తూటా పేలే ఫౌంటెన్ పెన్ అక్కడ ఉండాలి. లేదు.

"మా అమ్మకి ఉత్తరం రాద్దామని పొద్దున్న తీసేనండీ. రాయలేదు. డ్రాయర్లో పెట్టేను," అంది సూర్యకుమారి. ఆమె ఆ పెన్ను పట్టుకుని క్లిప్పు నొక్కి ఉంటే?

సూర్యకుమారి కాయ అందించడానికి వంగింది. లేస్తూ గుప్పెడు ముగ్గుపిండి రత్నం మొహాన కొట్టింది. నల్లకళ్లద్దాలు ఆ పూట నెత్తిమీద ఉన్నాయి. తూటా నీళ్లపీపాకి తగిలింది. రెండో తూటా పేలేలోపు గంగాధరరావు రత్నం మణికట్టు విరిచి పట్టుకున్నాడు. నాలుగూ పదికి ట్రాలర్ తిరిగి వెళ్లిపోయింది.

వైర్‌లెస్‌లో కబురందుకుని, మలికిపురంలో ఉన్న బ్యూరో జీపు వచ్చి రత్నాన్నీ, కాయనీ తీసుకెళ్లింది. కన్నులోంచి తీసిన సన్నటి రేకు గొట్టంలో ఫిల్ము చెక్కుచెదరలేదు.

ఇద్దరే మిగిలారు.

"సూర్యా, నేను టైర్ల కంపెనీలో..."

"తెలుసండీ. ముక్తేశ్వరంలో మంచం కింద ఊడుస్తుంటే చెవులకి పెట్టుకునే యంత్రం కనపడింది. టైర్లకి అదెందుకు?"

"అప్పుడే అడగలేదేం?"

"అడిగితే బండి వెనక్కి తిప్పేస్తారేమోనని. నేను సముద్రం చూడలేదు కదండీ."

అతను తల ఎత్తలేకపోయాడు.

"చూశావా మరి?" అన్నాడు.

"కాయ ఇవ్వడానికి ఒడ్డుకెళ్లినప్పుడు చూసేను. ఒక్కదాన్నే. మొదటిసారి చూసేటప్పుడు మీ చెయ్యి పట్టుకుని చూద్దామనుకున్నాను."

"తప్పు నాదే సూర్యా. నిన్ను వాడుకున్నాను."

ఆమె కాదనలేదు. కాదంటుందేమోనని అతను ఆశపడ్డాడు. ఆ తర్వాత ఆమె చీర దులుపుకుని లేచి చెయ్యి చాపింది. ఇద్దరూ దిబ్బ దాటి, కెరటాలు పాదాలకి తగిలేదాకా నడిచారు. దూరంగా ట్రాలర్ పొగ కనిపిస్తోంది.

"ఇంత కథా నడిపి వాళ్లకి దక్కింది ఒక కొబ్బరికాయ," అన్నాడు గంగాధరరావు.

"నీళ్లు తియ్యగానే ఉంటాయండీ," అంది సూర్యకుమారి. "నేనే ఊపి చూసి ఏరేను."