'పింటైల్ రోడ్' చూసినవాళ్లు

"పన్నెండు మందిలో ఒక్కరి చెయ్యి పట్టుకోవాలి. తప్పు చెయ్యి పట్టుకున్నావో, అసలు చెయ్యి మీట నొక్కేస్తుంది. అర్థమైందా, ష్రాక్?"

రహస్య విభాగపు అధినేత్రి ప్రూయిట్ ఈ మాటలను, రాజ్యాల తలరాతలు రాసేవారికి తగిన గాంభీర్యంతో, వేరుశనగ వెన్న పూసిన రొట్టె నములుతూ పలికింది.

"అర్థమైంది మేడమ్. ఎక్కడ?"

"కొలంబస్‌లో. ఇవాళ సాయంత్రం అయిదున్నరకి."

మరెక్కడ! కొత్త సబ్బయినా, కొత్త బర్గరయినా అమెరికా ముందుగా ఒహాయోలోని ఆ నగరానికే రుచి చూపిస్తుంది. కొలంబస్ తల ఊపితే దేశమంతా ఊపుతుందని వ్యాపారుల విశ్వాసం. ఆ విశ్వాసం ఇప్పుడు శత్రువుకూ కలిగింది.

"వాళ్లు అమ్మేదేమిటి?"

"భయం. ఆనకట్ట తెగిందని దొంగ వార్త ఒకటి వండారు. అక్కడి ఛానల్ ప్రసారంలోకి దొంగదారి కూడా వేసుకున్నారు. జనం నమ్ముతారో లేదోనని పన్నెండు మందిని కూర్చోబెట్టి ఫోకస్ గ్రూప్ పెట్టారు. మనిషికో డయల్. నమ్మితే పైకి తిప్పాలి. సగటు తొంభైకి చేరిందా, ఆ గుంపులోనే కూర్చున్న వాళ్ల మనిషి మీట నొక్కుతాడు. ఆ దొంగ వార్త ఆరు గంటల వార్తల్లోకి వెళ్లిపోతుంది. ఆఫీసులు వదిలే వేళ, వంతెనల నిండా కార్లు. ఎన్ని శవాలో నువ్వే లెక్కేసుకో."

"అందర్నీ ఒకేసారి పట్టుకుంటే?"

"తలుపు చప్పుడైతే చాలు, నొక్కేస్తాడు."

"లోపల మనవాళ్లెవరు?"

"గుంపును నడిపే మోడరేటర్ సెలెస్ట్. వాళ్ల జీతం తింటూ మనకి కబుర్లు మోస్తోంది. అందగత్తె. జాగ్రత్త."

"అందంతోనా మేడమ్?"

"జీతంతో."

వెండెల్ ష్రాక్ గూఢచారి కాకముందు పదకొండేళ్లు మీడియా విద్యార్థులకు పరిశోధనా పద్ధతులు బోధించాడు. అంతకాలం అంతమందిని నిద్రపుచ్చిన ఆచార్యుడు ఆ కళాశాల చరిత్రలో మరొకడు లేడు. ఒక్క కొలతను నమ్మవద్దని ఏటా మొదటి తరగతిలోనే చెప్పేవాడు. తీరా గూఢచారి అయ్యాక టొలీడో నగరంలో తానే ఒక్క జవాబును నమ్మి నిరపరాధిని పట్టుకున్నాడు. ఈలోగా అసలు నేరస్థుడు నడిచి వెళ్లిపోయాడు. వాడి చేతిలో ఏడుగురు మరణించారు.

అయిదున్నరకు, నోట్సు రాసుకునే సహాయకుడి వేషంలో, అతడు ఫోకస్ గ్రూప్ గదిలో ఒక మూల కూర్చున్నాడు. ముందున్న చిన్న తెరమీద పన్నెండు డయళ్ల గీతలు, వాటి కింద సగటు. బల్ల చుట్టూ పన్నెండు మంది ఓటర్లు, తల్లులు, పన్ను చెల్లింపుదార్లు. మెడలో పేర్ల చీటీలు, మధ్యలో పిజ్జా. సెలెస్ట్ పచ్చ పట్టు గౌనులో, మహాసభను ప్రారంభించే మహారాణిలా నవ్వింది.

ఆమె చదవవలసిన ప్రశ్నల్లో ష్రాక్ ఒకటి చేర్చి ఉంచాడు. ఎన్నడూ లేని కార్యక్రమం పేరు చెప్పి, చూశారా అని అడగడం సర్వేల్లో అబద్ధాలు పట్టే పాత వల.

"'పింటైల్ రోడ్' సీరియల్ ఎవరెవరు చూశారు?"

"చూడకపోవడమేంటమ్మా!" ఏడో కుర్చీలో అల్లిక పని చేసుకుంటున్న మావిస్ అనే బామ్మ సూదులు ఆపింది. "ఆఖరి భాగంలో ఆ పిల్లాడు తిరిగొస్తే వెక్కి వెక్కి ఏడ్చాను."

అంతే, గుంపు కదిలింది. ఒకాయన రెండో సీజన్ చప్పగా ఉందన్నాడు. ఇంకొకావిడ కాదంది, వాదించింది. పదకొండు మంది, పుట్టని పిల్లవాడి గురించి కన్నతల్లుల్లా తగువాడుకున్నారు. స్కూలు బస్సులు బాగుచేసే హార్లన్ మాత్రం నూనె మరకల చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

"నేను చూడలేదండీ. పేరు కూడా వినలేదు."

"ఇంట్లో టీవీ ఉందా నాయనా, అద్దెకిచ్చావా?" అంది మావిస్. అందరూ నవ్వారు.

సెలెస్ట్ కాఫీ కోసం వచ్చినట్టు వచ్చి ష్రాక్ చెవిలో, మనిషి దొరికాడనే సంకేతవాక్యం పలికింది. "పిజ్జా చల్లారిపోయింది. హార్లనే. మామూలు జనమెవరూ తెలీదని ఒప్పుకోరు. తప్పు రాయకూడదని తర్ఫీదు పొందినవాడే ఒప్పుకుంటాడు."

సబబుగానే ఉంది. టొలీడోలోనూ సబబుగానే ఉండింది.

అయిదూ యాభై అయిదుకు దొంగ వార్త గోడమీది పెద్ద తెరమీదికి వచ్చింది. యాంకర్ నెమ్మదిగా ఏదో చెబుతున్నాడు. హఠాత్తుగా సైరన్. ఆనకట్ట తెగింది! డయళ్లు తిరిగాయి, సగటు లేచింది. ఎనభై. ఎనభై నాలుగు. ష్రాక్ లేచి, కాఫీ పళ్లెం చాటున పిస్తోలును హార్లన్ వీపుకు ఆనించాడు.

"కదలకు."

హార్లన్ ముఖం పాలిపోయింది. "అయ్యా... నిజంగా చూడలేదయ్యా. చూడాలంటే ఇవాళ్టినుంచి చూస్తాను."

ఎనభై ఏడు.

"ఇంకా దేనికి చూస్తున్నావు?" సెలెస్ట్ బుసకొట్టింది. "వాడి చెయ్యి పట్టుకో!"

ష్రాక్ మెడ తిప్పి మూలనున్న తన చిన్న తెర వంక చూశాడు. పది గీతలు సైరన్ మోగాకే లేచాయి. హార్లన్ గీత నలభై దగ్గర బద్ధకంగా పడుకుని ఉంది. ఏడో గీత మాత్రం సైరన్ మోగడానికి రెండు క్షణాల ముందే లేచింది. సైరన్ ఎప్పుడు మోగుతుందో ఆ చేతికి ముందే తెలుసు. ఆ వార్తను కత్తిరించి అతికించిన చెయ్యి అది.

ఎనభై తొమ్మిది.

అతడు బల్లమీదుగా దూకాడు. పిజ్జా, కాఫీ, పేర్ల చీటీలు గాల్లోకి లేచాయి. సగటు తొంభై చూపిన క్షణాన మావిస్ మణికట్టు అతని పిడికిట్లో ఉంది. ఉన్ని ఉండల సంచిలో ఆమె బొటనవేలికీ మీటకూ మధ్య ఒక్క నూలుపోగు మందం. సెలెస్ట్ తలుపు తీసి పరుగెత్తింది. బయట కాపు కాసిన ప్రూయిట్ రొట్టె చేత్తోనే ఆమెకు బేడీలు వేసింది.

గోడ గడియారం ఆరు కొట్టింది. నగరంలో వార్తలు మామూలుగా మొదలయ్యాయి.

"సగటు తొంభైకి చేరిందన్నమాట," అంది ప్రూయిట్. ఆమె గొంతులో విజయం లేదు.

"చేరింది మేడమ్. అందరూ నమ్మారు, ఒక్కరు తప్ప." ష్రాక్ హార్లన్ వైపు తిరిగాడు. "మీరెందుకు నమ్మలేదు?"

"నది మా షెడ్డు పక్కనే సార్. వెళ్లి ఓసారి చూద్దామనుకున్నా. ఈలోగా మీరు వీపులో పిస్తోలు పెట్టారు."

ష్రాక్ క్షమాపణ చెప్పాడు. హార్లన్ తల ఊపి, చొక్కామీది కాఫీ తుడుచుకుని, గబగబా వెళ్లిపోయాడు.

మర్నాడు మరో సర్వేవాళ్లు అతని తలుపు తట్టి, ఒక సీరియల్ పేరు చెప్పి చూశారా అని అడిగారు. హార్లన్ వాళ్ల చేతులవంక జాగ్రత్తగా చూసి, ఆఖరి భాగంలో వెక్కి వెక్కి ఏడ్చానని చెప్పాడు.