ఏడు గంటల ఫోను

వడ్రంగి భార్య ఉతికిన చొక్కాలు ఒక్కొక్కటే దులిపి తీగ మీద ఆరేస్తోంది. చెవులు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. పొద్దున్న ఏడయింది. లోపల భర్త దిండ్లు, దుప్పట్లు, జేబులు తిరగేసి ఫోను వెతుకుతున్నాడు.

అతను తాగుడు మానేసి పద్నాలుగు నెలలు. అప్పటి నుంచీ రోజూ ఇదే వేళకి, గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనకి ఫోను చేస్తాడు. ఆయన మానేసి ఇరవై ఏళ్లట. తాగుడు మానినవాళ్ల మీటింగులో పరిచయం. నిద్ర లేస్తూనే భర్త గోడవైపు తిరిగి గుసగుసలాడుతుంటే ఆమెకి ఒళ్లు మండేది. తన సవతికి తెల్ల మీసాలున్నాయని చెల్లెలితో నవ్వుతూ చెప్పుకుంది గానీ, ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి పోలేదు. వాంతులు ఎత్తిపోసింది తను. పనికి రాలేదేమని అడిగిన మేస్త్రీకి జ్వరమని అబద్ధాలు చెప్పింది తను. తీరా మనిషి బాగుపడ్డాక, మనసులో మాట పరాయివాడికా? అందుకే ఇవాళ ఫోను ఆపేసి బీరువాలో చీరల మడతల్లో దాచింది.

అతను గుమ్మంలోకొచ్చి అడిగితే తనే తీశానని ఒప్పుకుంది. చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది.

"ఆయనకి చెప్పేదేదో నాకు చెప్పండి. పదకొండేళ్లు మీతో వేగినదాన్ని, ఆ మాత్రానికి పనికిరానా?"

అతను గుండీ పెట్టుకోబోయాడు. సగంలో వదిలేశాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"లేచినప్పటి నుంచి తాగాలనుంది. ఇవాళ గట్టిగా ఉంది."

ఆమె చూపు తనంతట తనే అటక మీదికి పోయింది. ఒకప్పుడు రంపాల పెట్టె వెనక సీసాలు దాచేది అక్కడే. ఆ చూపు అటక మీంచి అతని జేబుల మీదికి దిగింది. వాసన కోసం ఆమె ఒకసారి గాలి కూడా పీల్చింది.

అతను అంతా చూశాడు.

"నీ తప్పేం లేదు," అన్నాడు మెల్లగా. "అలా చూడ్డం నేర్పింది నేనే. కానీ ఈ మాట వింటే ఆయన అటక వంక చూడడు. ఒక్క గంట ఓర్చుకో, మళ్లీ ఫోను చెయ్యి అంటాడు. తాగనని నీకు చెప్పగలను. తాగాలనుందని చెప్పలేను."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తనకి దక్కలేదని కుళ్లుకున్న మాట ఇదా? తనకి చెప్పి ఉంటే ఏం చేసేదో ఇప్పుడే చేసి చూపించింది.

బీరువా తెరిచి ఫోను తీసి ఆన్ చేసింది. ఆ నంబరు తనే నొక్కి, మోగుతుండగా అతని చేతిలో పెట్టింది. "చెప్పు నాయనా" అంది అవతలి గొంతు. ఆ పిలుపుకి ఆమెకి ఇప్పటికీ ఒళ్లు మండింది. అయినా చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా లాగి, వాళ్ల మాటలు వినపడనంత దూరం వీధిలోకి నడిచి వెళ్లిపోయింది.