ఖాళీ అని రాసిన ఇల్లు

దీవిలో సవుసవు రేవు నుంచి తీరం వెంట పోయే దారిలో, కొబ్బరితోటల నడుమ ఒక పాత దొర బంగళా ఉంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్ళిన స్థలాల బ్రోకరు ఎవడూ బేరం కుదుర్చుకుని రాలేదంటారు. ఒకడు బూట్లు వదిలేసి పరిగెత్తాడు... ఇంకొకడు ఆ పనే మానేసి చేపలమ్ముకుంటున్నాడు.

రాజధాని సువా నుంచి వచ్చిన బ్రోకరు ఇనోకే ఈ మాటలకు నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? అప్పటికే రెండు బేరాలు బెడిసికొట్టాయి. ఇదీ పోతే ఇక ఆఫీసుకు రానక్కర్లేదని యజమాని చెప్పేశాడు. బంగళాతో సహా ఆ తోటను లీజుకు తీసుకుంటానన్న ఆక్లాండ్ హోటలాయనకు శుక్రవారంలోగా రెండు కాగితాలు కావాలి. భూమి ఏ వంశానిదో ఆ వంశంలో సగానికి పైగా పెద్దలు ఒప్పుకున్నట్టు సంతకాల కాగితం ఒకటి. బంగళాలో ఎవరూ లేరన్న హామీ రెండోది.

రెండోది ఇనోకే సువాలో కుర్చీలోంచి లేవకుండానే రాసేశాడు. "ఇల్లు ఖాళీ. స్వయంగా చూశాను."

సంతకాలు కూడా సువాలో స్థిరపడినవాళ్ళ దగ్గరే పోగుచేశాడు. ఒక్కటి తక్కువైంది. జాబితాలో మిగిలిన పేరు మకెరెతా. ఆవిడ ఎక్కడుంటుందని ఊళ్ళో అడిగితే అందరూ ఆకాశంలోకి చూశారు. చూడరా మరి? ఊరిపెద్దకు మర్యాదగా ఇవ్వాల్సిన కావా వేళ్ళ కట్ట లేకుండా, నెత్తిన టోపీ తీయకుండా వచ్చినవాడికి అక్కడ ఎవరు దారి చెబుతారు!

గురువారం పొద్దుగూకాక, కనీసం ఫోటోలైనా తీద్దామని బంగళాకు వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. లోపల చీకటి... ఎక్కడి నుంచో కాల్చిన సీమపనస వాసన...

ఆ తర్వాత — దగ్గు.

ఇనోకే గుండె ఝల్లుమంది. దెయ్యమేమోనని కాదు, మనిషేమోనని! దెయ్యమైతే ఇల్లు ఖాళీ కిందే లెక్క. మనిషైతే తను రాసింది పచ్చి అబద్ధం, ఉద్యోగం గోవిందా. "దేవుడా, దెయ్యమే అయ్యేట్టు చూడు," అని మొక్కుకున్నాడు.

మూలన తెల్లగా ఏదో కదిలింది.

"ఎవర్రా అది?"

"నేనే... కోప్పడకవ్వా... నువ్వు ఉన్నదానివా, పోయినదానివా?"

"నీకేది వీలు?"

"పోయినదానివైతే... కాస్త బాగుంటుంది."

"సరే, పోయాననే రాసుకో. పేరు మకెరెతా."

జాబితాలో మిగిలిన పేరే! బతికుంటే ఇల్లు ఖాళీ కాదు. పోయుంటే సంతకం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రేపు ఊళ్ళోకి రా," అంది గొంతు మెల్లగా. "కావా పట్టుకుని... టోపీ తీసి..."

మర్నాడు ఇనోకే ఊరిపెద్ద ముందు చాప మీద కావా కట్ట పెట్టి, తల వంచి, చూడకుండా రాసిన అబద్ధంతో సహా అంతా ఒప్పుకున్నాడు. రాత్రి మకెరెతా అవ్వ కనబడిందనీ చెప్పాడు.

కానుక అందుకున్నామన్నట్టు చప్పట్లు కొట్టబోయిన చేతులన్నీ గాల్లోనే ఆగిపోయాయి.

"నాయనా..." అన్నాడు ఊరిపెద్ద గొంతు తగ్గించి. "ఆవిడ పోయి ఆరేళ్ళయింది."

"అమ్మయ్య!" అన్నాడు ఇనోకే.

వీపు మీద ఫెడీమని దెబ్బ పడింది.

"చూశారా! నేను చచ్చానంటే వీడికెంత సంబరమో!" వెనక తెల్ల గౌనులో అవ్వ. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. "చెప్పకుండా వచ్చిన వాళ్ళందర్నీ తరిమాను గానీ, నన్ను చావమని అడిగినవాడివి నువ్వొక్కడివేరా!"

అవ్వ సంతకం పెట్టింది. ఊరికే కాదు. "వెనక గది నాదని లీజులో రాయి. బతికున్నన్నాళ్ళూ... ఆ తర్వాత కూడా." ఇనోకే సిగ్గుతో పాత హామీ చింపి, అలాగే రాశాడు. 'ఆ తర్వాత' ఏమిటని హోటలాయన ఫోన్లో నవ్వాడు గానీ, ఒప్పుకున్నాడు.

అవ్వ నిరుడు కన్నుమూసింది. ఇనోకే ఆ కబురు విని నిజంగానే ఏడ్చాడు.

మొన్న లీజు తనిఖీకి వెళ్ళి, వెనక గది తాళం తీయించాడు. చాప, మంచం, దుమ్ము... అంతే. కాగితం మీద "ఖాళీ" అని రాయబోతుంటే —

కాల్చిన సీమపనస వాసన... ఆ తర్వాత దగ్గు.

ఇనోకే మెల్లగా టోపీ తీశాడు. రాయవలసింది రాసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

"గది ఖాళీ కాదు. స్వయంగా విన్నాను."